వసనాభి సీసా దగ్గర

శుభవార్త వచ్చిన క్షణంలో భూతద్దం బాబాయ్ స్టూలు మీద నిలబడి, దాల్చినచెక్క సీసాను తలకిందులుగా పట్టుకుని, ఒక కన్ను మూసి దాని అడుగుభాగాన్ని పరీక్షిస్తున్నాడు.

"వచ్చేసింది బాబాయ్! వచ్చేసింది!" ఆఫీసు గుమస్తా రొప్పుతూ గుమ్మంలో నిలబడ్డాడు. భారీ మనిషి, పరిగెత్తడం అలవాటు లేదు. మొహం మాత్రం పెళ్ళికొడుకు మొహంలా వెలిగిపోతోంది.

"ఏం వచ్చింది?"

"అనుమతి! మన మందుల బడి ఇక పూర్తిస్థాయి కాలేజీ. పైచదువులన్నీ ఇక్కడే, పట్టాలు మన పేరు మీదే. మందుల విభాగం ఇక డాక్టర్ల వెనకాల తోకలా వేలాడక్కర్లేదు. కొత్త బిల్డింగు రేపు పొద్దున్నే ప్రారంభం."

బాబాయ్ సీసాను సరిగా తిప్పి, మూత బిగించి, అరలో పెట్టాడు. అప్పుడు అడిగాడు.

"అనుమతి ఇవాళ వచ్చింది. ప్రారంభం రేపు. మరి ఆ షామియానా కుర్రాళ్ళు మొన్నటి నుంచే గుంజలెందుకు పాతుతున్నారు?"

గుమస్తా మొహంలో వెలుగు సగానికి పడిపోయింది. "నీతో ఇదేనయ్యా గొడవ. పండు చేతికిస్తే పురుగెక్కడుందని వెతుకుతావు. సరే, ఇంకోటి విను. రేపు నిన్ను వేదిక మీద కుర్చీ వేసి కూర్చోబెడతారు. ప్రిన్సిపాలమ్మ స్వయంగా చెప్పి రమ్మంది."

"నన్నా? ఎందుకు?"

"ఎందుకేంటి, గౌరవం!"

"ఇన్నాళ్ళూ ఎక్కడికెళ్ళింది ఈ గౌరవం? రేపటికి నేను ఇక్కడ ఉద్యోగినే కాదు కదా. ఇవాళే ఆఖరు."

"అందుకేనయ్యా మగడా!" అంటూ గుమస్తా రెండు చేతులూ పైకెత్తి, ఆ ఎత్తిన చేతులతోనే వెళ్ళిపోయాడు.

బాబాయ్ స్టూలు దిగలేదు. కిటికీలోంచి పడుతున్న పొద్దుటి ఎండ అరల్లోని సీసాలన్నిటినీ వెలిగిస్తోంది. తేనెరంగు బంక, తుప్పురంగు బెరడు, పిల్లల పాలపళ్ళలాంటి తెల్లని గింజలు. ఆ గదిలోకి మొదటిసారి వచ్చినవాళ్ళెవరైనా ముందు ముక్కు ఎగబీలుస్తారు, తర్వాత నవ్వుతారు. లవంగం, కర్పూరం, ఎండిన తొక్కలు, పాత కొయ్య అన్నీ కలిసి పలకరించే వాసన అది. బాబాయ్ ఆ వాసనను పట్టించుకోవడం ఎప్పుడో మానేశాడు. ఇంటికి వెళ్ళాక అతని భార్య మాత్రం అతని చొక్కాను తాడు మీద వేసేముందు ఒకసారి మొహానికి ఆనించుకుంటుంది, అతను చూడనప్పుడు.

అతను సన్నగా, కొంచెం వంగి, చెవుల దగ్గర నెరిసిన వెంట్రుకలు గుబురుగా పెరిగిన మనిషి. ఎడమ కన్ను కుడిదానికన్నా చిన్నదిగా ఉంటుంది. ఏళ్ళ తరబడి దాన్ని సగం మూసి భూతద్దంలోంచి చూడ్డం వల్ల అలా అయిందని విద్యార్థులంటారు. ఆ పేరూ వాళ్ళు పెట్టిందే.

అతని ఉద్యోగం చెప్పుకోవడానికి చిన్నది. మందుల విభాగంలో పరీక్షంటే ఈ గదే. పేర్లు తీసేసిన సీసాలను బల్ల మీద వరుసగా పెడతారు. విద్యార్థి ఒక్కో సీసా మూత తీసి, చూసి, తాకి, వాసన పట్టి, లోపలున్నదేమిటో రాయాలి. ఆ సీసాలను తుడవడం, పరీక్షకు ముందు వరుస మార్చడం, విద్యార్థులు రహస్యంగా పెట్టిన గుర్తులేవైనా ఉంటే చెరిపేయడం, పరీక్ష జరుగుతున్నంతసేపూ గుమ్మం పక్కన నిలబడి కాపలా కాయడం. ఇంతే.

కానీ ఈ 'ఇంతే' లోనే అతని జీవితమంతా గడిచింది. మూత అంచున గోటితో గీసిన గీత, అడుగున అంటించిన చిటికెడు మైనం, మెడకు చుట్టిన వెంట్రుక, ఒకసారైతే సీసా వెనకవైపు పూసిన అత్తరు. అన్నీ పట్టుకున్నాడు. తన గదిలోంచి ఒక్కడు కూడా దొంగదారిన పాసవలేదన్నది అతని గర్వం. దాన్ని పైకి ఎప్పుడూ అనలేదు. అన్నం ముందు కూర్చున్నప్పుడు భార్యతో మాత్రం అప్పుడప్పుడూ, "నా గదిలో ఆటలు సాగవే," అనేవాడు. ఆమె, "సాగవు సాగవు," అని వడ్డించేది.

వచ్చే ఏడాది నుంచి సీసాలుండవట. తెర మీద బొమ్మలు చూపించి పేర్లు అడుగుతారట.

స్టూలు దిగి, గోడ మేకుకున్న ఖాకీ కోటు కోసం చెయ్యి చాచాడు. చెయ్యి ఖాళీ మేకుకు తగిలింది.

నిన్న సాయంత్రం తనే తగిలించాడు. తలుపు తాళం తనే వేశాడు. రెండో తాళంచెవి ప్రిన్సిపాలమ్మ దగ్గరుంటుంది. బాబాయ్ ఎడమ కన్ను ఇంకాస్త చిన్నదయింది.

*

అనుమానం అన్నాక ఒకటితో ఆగదు.

టీ కొట్టువాడు డబ్బులు వద్దన్నాడు. వెన్న రాసిన పెద్ద బన్ను కూడా ఇచ్చి, "తినండి బాబాయ్, మీకోసమే ఉంచాను," అన్నాడు. జన్మలో చిల్లర మర్చిపోని మనిషి. బాబాయ్ బన్నును విప్పి లోపల చూసి మరీ తిన్నాడు. బాగుంది. అదే ఇంకా అనుమానంగా ఉంది.

వరండాలో నలుగురు విద్యార్థులు గుసగుసలాడుకుంటూ అతన్ని చూడగానే నోళ్ళు మూసేశారు. వాళ్ళలో ఒక పొట్టి అమ్మాయి ధైర్యం చేసి దగ్గరికొచ్చింది.

"బాబాయ్, ఒక్కటి అడగనా? మీరు నడిచేటప్పుడు ముందు కుడికాలు వేస్తారా, ఎడమకాలా?"

"నీకెందుకు?"

"ఊరికే!"

"ఊరికే ఎవరూ ఏదీ అడగరమ్మా."

ఆ అమ్మాయి నవ్వాపుకోలేక చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని పారిపోయింది. బాబాయ్ అక్కడే నిలబడి తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. అవి అతనివే.

గదికి తిరిగి వచ్చేసరికి వడ్రంగి ఒకడు అరల పొడవు కొలుస్తున్నాడు.

"ఎక్కడికి తీసుకెళ్తారు వీటిని?"

"నాకేం తెలుసు బాబాయ్. కొలవమన్నారు, కొలుస్తున్నా."

"పారేయడానికేనా?"

"పారేసేదాన్ని ఎవరైనా కొలుస్తారా?" అన్నాడు వడ్రంగి. అది సబబైన మాటే. కానీ ఇవాళ సబబైన మాటలన్నీ ముందే నేర్చుకుని వచ్చినట్టున్నారు అందరూ.

లెక్క తేలిపోయింది అతనికి. కుర్చీ వేస్తామని ఆశపెట్టి వేదిక మీదికి పిలుస్తారు. పదిమందిలో తాళంచెవి అడుగుతారు. పదిమందిలో ఎవడైనా కాదనగలడా? అతను అక్కడ చప్పట్ల మధ్య కూర్చుని ఉండగానే ఇక్కడ సీసాలు చెత్తబండి ఎక్కుతాయి. కోటు కూడా అందుకే మాయమైంది. ప్రభుత్వం వారి కోటు కదా, ముందే జప్తు చేసుకున్నారు.

*

భార్య దగ్గరికి బయల్దేరాడు. ఆమె ఆసుపత్రి వైపు దుప్పట్ల గదిలో పనిచేస్తుంది. చిరిగినవి కుట్టడం, ఉతికి వచ్చినవి మడతపెట్టడం. దారిలో పాత రేకుల షెడ్డు దాటాలి. దాన్ని దాటేటప్పుడు అతని నడక ఎప్పుడూ కొంచెం నెమ్మదిస్తుంది.

బడి మొదలైంది ఆ షెడ్డులోనే. ఆసుపత్రివాళ్ళు విరిగిన మంచాలు పడేసుకునే చోటది. కాంపౌండర్లు ఎప్పుడూ తక్కువేనని, చదువుకున్నవాళ్ళను తయారు చేద్దామని ఒక పెద్దమాస్టారు అక్కడ పాఠం మొదలుపెట్టాడు. బెంచీలు లేవు. మొదటి బ్యాచీ పరుపుల్లేని ఇనపమంచాల మీద కూర్చుని రాసుకుంది. వాన వస్తే అందరూ ఒకే మంచం మీదికి చేరేవాళ్ళు. సీసాలు కూడా ఇళ్ళ నుంచి అడిగి తెచ్చినవే, వంటింటి సీసాలు. వాటిని కడగడానికి కుదిరిన కుర్రాడే బాబాయ్. ఆ తర్వాత డాక్టర్ల చదువొచ్చింది, దానితోపాటు స్తంభాల బిల్డింగు వచ్చింది. ముందు పుట్టిన మందుల విభాగం వెనక్కి జరిగి జరిగి పెరటి గదిలోకి చేరింది. బాబాయ్ కూడా సీసాలతోపాటు జరిగాడు.

ఆ షెడ్డులోనే ఆ సంగతి జరిగింది.

అప్పట్లో రుచి కూడా చూసేవాళ్ళు. అతివస అని ఒక వేరు ఉంది, చేదు, జ్వరానికి వాడతారు. దాని వరసకే చెందిన ఇంకో వేరు వసనాభి, ప్రాణం తీసే విషం. ఎండి, ముక్కలై, పాతబడితే కొత్తవాళ్ళ కంటికి రెండూ ఒకలాగే ఉంటాయి. నాలుక చివర తాకించి, చేదు తగిలితే అతివస అని రాసేవాళ్ళు. వసనాభి సీసాకు మాత్రం ఎర్రమూత ఉండేది, దాన్ని ఎవరూ ముట్టకూడదు. ఒక పరీక్షనాడు ఎవడో ఆకతాయి తోటివాళ్ళను తికమక పెడదామని మూతలు మార్చాడు. పాపం బుద్ధిమంతుడైన ఒక కుర్రాడు వసనాభి ముక్క నాలుకకు తాకించి, "చేదు లేదండీ, చిమచిమలాడుతోంది," అని నవ్వుతూనే కిందికి జారిపోయాడు.

బాబాయ్ వాణ్ణి భుజాన వేసుకుని ఆసుపత్రిలోకి పరిగెత్తాడు. అక్కడ ఒక వార్డు ఆయా, అతని ఈడుదే, కుర్రాడి నోట్లో వేలు పెట్టి కక్కించి, నీళ్ళు పోసి, డాక్టరు వచ్చేదాకా వాడి చల్లబడ్డ చేతులు రుద్దుతూనే ఉంది. రుద్దుతూనే బాబాయ్‌ని తిట్టింది. "సీసాల దగ్గర నిలబడి ఏం చూస్తున్నావయ్యా? కళ్ళు ఎందుకిచ్చాడు దేవుడు?" కుర్రాడు బతికాడు. బాబాయ్ ఆ తిట్టు తిన్న ఏడాదికే ఆమెను పెళ్ళిచేసుకున్నాడు. రుచి చూడ్డం పెద్దమాస్టారు ఆ రోజే రద్దుచేశాడు, పరీక్షనాడు అన్ని సీసాలకూ ఒకే రంగు మూతలు పెట్టించాడు. బాబాయ్ కళ్ళు మాత్రం ఆ రోజు తెరుచుకున్నవి మళ్ళీ మూతపడలేదు.

దుప్పట్ల గది తలుపు తోసేసరికి లోపల ఇద్దరు విద్యార్థులున్నారు. అతన్ని చూసి గోడలకు అతుక్కుపోతూ బయటికి జారుకున్నారు. భార్య ఒళ్ళో ఉన్నదేదో చటుక్కున దుప్పట్ల దొంతర కింద తోసేసింది. ఖాకీ రంగు చెయ్యి ఒకటి బయటికి వేలాడుతోంది.

"అదేంటే?"

"ఏది?"

"ఆ చెయ్యి."

"ఏదో చెయ్యి. ఆసుపత్రి కదా," అంది ఆమె, ఏమీ ఎరగనట్టు.

మామూలు రోజైతే అతను నవ్వేవాడే. ఆమె మాటలకు నవ్వడమే అతనికున్న ఒకే ఒక్క వ్యసనం. ఇవాళ నవ్వు రాలేదు.

"నువ్వు కూడా వాళ్ళలో చేరావా?"

"ఎవరిలో?"

"నాకు తెలుసులే," అని వెనక్కి తిరిగాడు. ఏం తెలుసో అతనికే తెలియదు. తెలుసుకోవాలని మాత్రం గట్టిగా అనుకున్నాడు.

*

కొత్త బిల్డింగులో ఇంకా సున్నం వాసన వస్తోంది. పెద్ద హాలు తలుపులకు లోపలి నుంచి కాగితాలు అంటించారు. కానీ రెండు తలుపుల మధ్య సందు మూయడం ఎవరికీ తట్టలేదు. జీవితమంతా సందులు వెతికినవాడికి అది చాలు. ఎడమ కన్ను మూసి, కుడి కన్ను ఆనించాడు.

వేదిక మీద బల్ల, బల్ల మీద సీసాలు. పక్కన, గుమ్మంలాగా నిలబెట్టిన చెక్కచట్రం దగ్గర, పొద్దున కాళ్ళ సంగతి అడిగిన పొట్టి అమ్మాయి నిలబడి ఉంది. చెవుల దగ్గర దూది అంటించుకుంది. ఒంటి మీద అచ్చం తన కోటులాంటి కోటు, చేతులు వేళ్ళు దాటి వేలాడుతున్నాయి. చేతిలో పళ్ళెమంత అట్ట భూతద్దం.

ఒక కుర్రాడు విద్యార్థిలా వచ్చి సీసాల మీదికి వంగుతున్నాడు. మొదటి సీసా, రెండోది. అమ్మాయి ఒక కన్ను చికిలించి కొంగలా చూస్తూ నిలబడింది. కుర్రాడు ఇంకో సీసా దగ్గరికి రాగానే ఆమె మడమలు లేచాయి. చెయ్యి కొంచెం ముందుకొచ్చింది. ఒక అడుగు, ఒకే ఒక్క అడుగు, ముందుకు పడింది. కుర్రాడు ఓరకంట చూసి, పళ్ళికిలించి, "వసనాభి!" అని అరిచాడు. హాలంతా గొల్లుమంది.

వాడు వెళ్ళాడు. ఒక అమ్మాయి పాతకాలం రెండు జడలతో వచ్చింది. అదే సీసా, అదే అడుగు, "వసనాభి!" తర్వాత గొట్టం ప్యాంటుతో, నూనె రాసిన క్రాపుతో ఒకడు. "వసనాభి!" బ్యాచీ తర్వాత బ్యాచీ, బడి చరిత్రంతా వేషాలు మార్చుకుంటూ ఆ సీసా ముందు నుంచి నడిచిపోతోంది. అందరూ ఓరకంట చూస్తున్నారు. అందరూ సరిగ్గా చెబుతున్నారు.

"ముందు చెయ్యి లేవాలే! మడమలు తర్వాత!" ముందు వరుసలోంచి ఒక గొంతు సరిదిద్దింది. "మా రోజుల్లో కూడా ముందు చెయ్యే వచ్చేది." ప్రిన్సిపాలమ్మ. నవ్వీ నవ్వీ కళ్ళద్దాలు తుడుచుకుంటోంది.

బాబాయ్ సందు నుంచి కన్ను తీశాడు.

వెంటనే అర్థం కాలేదు. వరండా సగం దాటాక అర్థమైంది. ప్రతి సీసా అడుగూ చూశాడు, ప్రతి మూతా చూశాడు, ప్రతి పిల్లాడి చేతులూ జేబులూ చూశాడు. గుమ్మం పక్కన నిలబడ్డ మనిషిని మాత్రం ఎప్పుడూ చూడలేదు. వసనాభి సీసాకు గుర్తు తనే.

*

ఎండ పసుపురంగుకు తిరుగుతున్నప్పుడు భార్య వచ్చింది. అతను గదిలో స్టూలు మీద కూర్చుని, భూతద్దాన్ని చేతిలో అటూ ఇటూ తిప్పుతున్నాడు. వసనాభి సీసా కిందికి దించి బల్ల మీద ఒక్కదాన్నే పెట్టుకున్నాడు. ఆమె కోటును మేకుకు తగిలించింది. పోయిన గుండీ చోట కొత్త గుండీ, చిరిగిన జేబుకు దారపు కుట్లు.

"పిల్లలు కొలతకు అడిగారు. చూసి తమకొకటి కుట్టుకుని ఇచ్చేశారు. చిరుగుంటే నేను ఊరుకోలేక కుట్టాను. అదీ దొంగతనం," అంది.

"నేను రేపు రాను."

"చూశావన్నమాట."

"నవ్వుతున్నారే. అందరూ. నాకోసం కుర్చీ వేసి, కూర్చోబెట్టి మరీ నవ్వుతారు." తలెత్తి అడిగాడు, "నీకు తెలుసా? నేను అలా అడుగేస్తానని?"

"తెలుసు."

"ఎప్పటి నుంచి?"

"పెద్దమాస్టారు చెప్పారు. మన పెళ్ళయిన కొత్తల్లో. 'అమ్మాయీ, మీ ఆయనకు తెలియదు, నువ్వూ చెప్పకు. చెబితే సిగ్గుపడి ఆపేస్తాడు. వాడు ఆపిన రోజు ఎవడో ఒకడు మళ్ళీ నాలుక పెడతాడు' అన్నారు."

బాబాయ్ చేతిలో భూతద్దం ఆగింది. "ఆయనకూ తెలుసా! మరి పరీక్ష? ఒక ప్రశ్న నేనే చెప్పేస్తున్నట్టేగా?"

"ఆ ఒక్క ప్రశ్నకు మార్కులు లెక్కపెట్టకండని తర్వాతి మాస్టార్లకు చెప్పిపోయారట. ఇన్నేళ్ళూ అలాగే సాగుతోంది."

"అంటే నా గదిలో ఎవరూ..."

"దొంగదారిన పాసవలేదు. నీ గర్వానికి ఏం ఢోకా లేదులే."

అతను బల్ల మీది సీసాను ఒకసారి తిప్పి చూశాడు. ఆ తర్వాత చిన్న కన్ను ఇంకా చిన్నది చేసి, "ప్రిన్సిపాలమ్మ కూడా ఓరకంట చూసిందా, చదువుకునే రోజుల్లో?" అన్నాడు.

"ఆవిడే అందరికన్నా ముందు చూసింది."

"ఆ పిల్ల మీద నాకు అప్పుడే అనుమానం!" అన్నాడు బాబాయ్, తృప్తిగా. భార్య పకపకా నవ్వింది. ఇద్దరు ముసలివాళ్ళున్న గదిలోంచి వచ్చే నవ్వులా లేదు అది.

"నాటకం చివరిదాకా చూశావా?" అడిగింది.

"లేదు."

"చూడవు. సగం చూసి తీర్పు చెప్పేస్తావు, నీకది మామూలేగా. చివర్లో ఆ పొట్టిపిల్ల కోటు విప్పి నీ కుర్చీకి తగిలిస్తుంది. అప్పుడు అన్ని బ్యాచీలవాళ్ళూ, ఆ వేషాలతోనే, నీ వైపు ఒక అడుగు ముందుకు వేస్తారు. అంతే. ఇంకేం మాటలుండవు. ఈ సీసాలు కూడా ఎక్కడికీ పోవు, కొత్త హాల్లో అద్దాల బీరువాలో పెడతారు. అందుకే వడ్రంగి కొలిచాడు."

బాబాయ్ స్టూలు మీంచి లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి, గడియను ఊరికే కదిపి చూసి, తిరిగి వచ్చాడు.

"ఆ నాటకంలో సీసాలు ఎక్కడివి?"

"ఏమో, వాళ్ళే తెచ్చుకున్నారు."

"అందులో ఏం పోశారు?"

"నాకేం తెలుసయ్యా!"

"చూశావా! ఎవరికీ తెలియదు. ఎవడైనా సరదాకి నిజందే తెచ్చి పోస్తే? అసలే పిల్లలు, అసలే సంబరం." కోటు అందుకుని వేసుకున్నాడు. భార్య దాని మెడపట్టీ సరిచేసింది. అతను ఎప్పట్లాగే సరిచేయనిచ్చాడు. "రేపు అందరికన్నా ముందే వెళ్దాం. వేదిక మీద సీసాలన్నీ మూతలు తీసి నేను చూడాలి. చూశాకే నాటకం. చూశాకే ఆ కుర్చీ. నువ్వు పక్కనే కూర్చోవాలి, ముందే చెబుతున్నా."

"కూర్చుంటాలే."

"ఆ పిల్లకు చెప్పాలి, కుడికాలని."

"ఎడమకాలు."

"కుడికాలే!"

"ఇన్నేళ్ళ బట్టి చూస్తున్నదాన్ని నేను. ఎడమకాలు."

గుమ్మం దగ్గర అతను తాళం వేయబోయి, ఆగి, తాళాన్ని గొళ్ళానికి ఊరికే తగిలించి, తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు. ఉద్యోగిగా ఆ గదిలోంచి బయటికి రావడం అతనికి అదే ఆఖరు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ ఎత్తలేదు. వరండా చివరిదాకా కాళ్ళ గురించే వాదించుకుంటూ వెళ్ళారు. మలుపు దగ్గర అతను అలవాటుగా జేబు తడుముకున్నాడు, ఒక్క క్షణం వెనక్కి చూశాడు, వద్దులే అన్నట్టు చెయ్యి ఊపి ఆమె వెంట నడిచాడు.

గదిలో, వసనాభి సీసా పక్కన, కొయ్యబల్ల మీద భూతద్దం ఉండిపోయింది. పడమటి కిటికీ నుంచి వచ్చిన సాయంకాలపు ఎండ దానిలోంచి దూరి, సీసా ఎర్రమూత అంచున గోరంత వెలుగుచుక్కై నిలిచింది.